మూడు నీలం గ్లాసులు

మూడు నీలం గ్లాసులు బల్ల మీద ఎదురుగా ఉన్నాయి. మూడింటి మీదా గుండ్రటి గాజు మూతలు, మూడింటిలోనూ తలా రెండు గుక్కల స్కాచ్, అందులో సగం నీళ్ళు. రెండింటిలో ఒకటే సరుకు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి, పరీక్ష ఇంతే. ఇరవయ్యారేళ్ళుగా ఇలాంటివి ఆయన వేలల్లో పెట్టాడు, వేలల్లో రాశాడు, ఒక్కసారీ తప్పలేదు. అందుకే ఈ బాట్లింగ్ కంపెనీలో గేటు వాచ్‌మన్ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆయన ముక్కు మాస్టారు, సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. గ్లాసులు నీలంగా ఎందుకంటే రంగు చూసి మోసపోకూడదని. కన్ను అబద్ధాలకోరు, నాలుక బద్ధకస్తురాలు, నమ్మితే ముక్కునే నమ్మాలి అని ఈ గదిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయనే చెప్పేవాడు. మొదటి మూత తీసి, గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు. గాలి వెళ్ళింది. లోపల కాస్త మంట పుట్టింది. అంతకుమించి ఏమీ లేదు, నాలుగు నెలలుగా లోకం మొత్తం ఇంతే.

జ్వరంతో మొదలైంది. మూడు రోజుల జ్వరం, అందరికీ వచ్చేదే, మాత్ర వేసుకుంటే పోయేదే. నాలుగో రోజు పోయింది, పోతూ పోతూ ముక్కుని కూడా వెంటబెట్టుకు పోయింది. ఆ పొద్దున స్నానం చేస్తూ సబ్బు మార్చారేమో అనుకున్నాడు, కాఫీ తాగుతూ పొడి పాతదైందేమో అనుకున్నాడు, చివరికి ఉల్లిపాయ కోసిన చాకుని ముక్కుకి ఆనించుకుని మరీ చూశాడు, కళ్ళు మండాయి గానీ వాసన రాలేదు. ఊరికి ఆ చివర ఉన్న డాక్టరు దగ్గరికి, ఈ చివరివాళ్ళెవరూ అక్కడికి రారన్న ధైర్యంతో, రెండు బస్సులు మారి వెళ్ళాడు. ఏం చేస్తుంటారు అని డాక్టరు అడిగితే గుమాస్తానన్నాడు. డాక్టరు లైటు వేసి లోపలికంతా చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి అన్నేళ్ళు చదవాలా అని ఒళ్ళు మండింది. నాలుగు బుల్లి సీసాలిచ్చాడు, నిమ్మ, లవంగం, గులాబీ, పుదీనా. పొద్దునా సాయంత్రం ఒక్కోటీ పీల్చి ఆ వాసన గుర్తు తెచ్చుకోమన్నాడు. గుర్తులకేం, బ్రహ్మాండంగా వచ్చేవి. ఆఫీసు బాత్రూములో గడియ వేసుకుని నిమ్మ సీసా పీలిస్తే, తొక్క గిల్లినప్పుడు గోటికంటే తడి, చిన్నప్పుడు బస్సులో వాంతి రాకుండా అమ్మ గుప్పిట్లో పెట్టిన కాయ, ఆ కిటికీ ఊచ, ఎదురు సీట్లో ముసలాయన గుర్రు, అన్నీ వచ్చేవి, నిమ్మ వాసన ఒక్కటే వచ్చేది కాదు. పుదీనా చల్లగా తగిలేది, గులాబీ మంచినీళ్ళు. వచ్చే నెలకి తగ్గుతుందనుకున్నాడు, ఆపై నెలకి అనుకున్నాడు, ఇప్పుడు అనుకోవడమే మానేశాడు. సీసాలు మాత్రం కోటు జేబులోనే ఉన్నాయి, పారేయడానికి చేతులు రాక.

"తొందరేం లేదు మాస్టారూ, తీరిగ్గా చూడండి" అన్నాడు మేనేజరు, తొందరగా. ఎత్తు కుర్చీ మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు. పక్కన కెమిస్టు అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో పలక, పలక మీద కాగితం, జవాబున్న కవరు మేనేజరు జేబులో. ఆమె ముక్కుపుటాలు ఒక్కసారి అదిరాయి, మేనేజరు వైపు చూసింది, మళ్ళీ మాస్టారి వైపు చూసింది, ఏదో జరగాలన్నట్టు చూసింది. అర్థం కావడానికి మాస్టారికి కాసేపు పట్టింది. మేనేజరు సెంటు పూసుకుని వచ్చాడన్నమాట. ఈ గదిలోకి సెంటుతో వస్తే యజమాని అల్లుడైనా సరే మెడబట్టి గెంటినంత పని చేసేవాడు ఆయన, ఓసారి నిజంగానే యజమాని అల్లుణ్ణి గెంటాడు కూడా, ఆ కథ క్యాంటీన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అమ్మాయి ఆ గెంటుడు కోసమే చూస్తోంది.

"కిటికీ తెరవనా సార్?" అంది చివరికి తనే.

"తెరువమ్మా" అన్నాడు. ఆలస్యంగా అన్నాడు, ఆ ఆలస్యాన్ని ఆమె గమనించిందని కూడా గమనించాడు. కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, ఏం లాభం.

గ్లాసు వంచి ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. నాలుక మీద కొంచెం తీపి, పక్కల కొంచెం చేదు, గొంతు దాకా మంట. తొట్టిలోకి ఉమ్మాడు. తాగకూడదు, ఇరవయ్యారేళ్ళలో ఒక్క చుక్క కడుపులోకి పోనివ్వలేదు. మీ అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆయన మామగారు "తాగుతాడు, జీతమిచ్చి మరీ తాగిస్తారు" అనేవాడు, నలుగురూ నవ్వేవాళ్ళు, ఆ నలుగురిలో ఎవడికీ తెలియదు తమలో మందు ముట్టనివాడు ఈ అల్లుడొక్కడేనని. తాగేవాడు రుచి చూడలేడు, రుచి చూసేవాడు తాగకూడదు అని గురువు మొదటిరోజే చెప్పాడు. గురువంటే ఈ కుర్చీలో ఆయన కంటే ముందు కూర్చున్నవాడు, పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ ఎవరినో తిట్టడానికి సిద్ధంగా ఉండేవాడు. "ఒరేయ్, ఇది మంచి సరుకా చెడ్డ సరుకా అని చూడమాకు. నిన్నటిదేనా కాదా, అది చెప్పు చాలు" అనేవాడు. ఓడల మీద పెద్ద పెద్ద ట్యాంకుల్లో వచ్చిన స్కాచ్‌ని ఇక్కడ నీళ్ళు కలిపి సీసాల్లో పోస్తారు, ఈ ఓడలో వచ్చింది పోయిన ఓడలో వచ్చినట్టే ఉందో లేదో చెప్పడం ఈ కుర్చీ పని. దుకాణంలో అన్నిటికంటే కింది అరలో ఉండే సీసా ఇది, మరమూత సీసా, లారీ డ్రైవర్లూ గుమాస్తాలూ కొనే సీసా. "పద్దెనిమిదేళ్ళ సరుకుని మెచ్చుకోవడానికి ముక్కెందుకురా, జేబు చాలు. ఈ సీసా కొనేవాణ్ణి చూడు, నెలకోసారి కొనుక్కుంటాడు, మూత తీయగానే పోయిన నెల వాసనే రావాలి వాడికి. వాడి బతుకులో మారకుండా ఉండేది ఇదొక్కటే" అనేవాడు గురువు.

ఆ వాసన ఇప్పుడు కూడా మాస్టారికి కంఠతా వచ్చు. ముందు తేనె వస్తుంది, మంచి తేనె కాదు, డబ్బా అంచుకి గట్టిపడిపోయిన తేనె. దాని వెనకాల ఆపిల్ తొక్క. తర్వాత తడిసి ఆరిన గడ్డి. ఆ మీదట కాస్త పచ్చి స్పిరిటు ఘాటు. ఆ ఘాటు లోపమే, వయసు చాలని ధాన్యం విస్కీ వంతు ఎక్కువ కాబట్టి వస్తుంది, కానీ అదీ ఉండి తీరాలి, లేకపోతే అది మన సరుకు కాదు. అన్నీ అయ్యాక ఎక్కడో పక్కగదిలో ఎవరో అగ్గిపుల్ల ఆర్పినట్టు ఓ పోగు పొగ. నాలుగు నెలలుగా ప్రతి కాగితం మీదా ఇదే రాస్తున్నాడు, ఒకరోజు తేనె ముందు, ఒకరోజు ఆపిల్ ముందు, అటూ ఇటూ మార్చి. చదివినవాళ్ళు ఆహా అన్నారు. మాస్టారు ఈమధ్య మరీ బాగా రాస్తున్నారు అని మేనేజరు తలాడించాడు. నిజం వాసన ఉన్నప్పుడు రెండు మాటలకి మించి రాసేవాడు కాదు.

రెండో గ్లాసు మూత తీశాడు. పీల్చాడు. మొదటిదానికీ దీనికీ ఏమైనా తేడా ఉందా అంటే, గోడకీ గోడకీ ఏం తేడా. ఇంటి దగ్గరా ఇంతే. పొద్దున ఆవిడ గుడ్లు వేయించి పెట్టింది, తిన్నాడు, మెత్తగా ఉన్నాయి, వేడిగా ఉన్నాయి, ఉప్పు సరిపోయింది, ఇంకేం చెప్పాలి, బాగున్నాయన్నాడు. ఆవిడ మొహం చింకి చాటంత అయింది. పాపం, కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆవిడ చేసిన దేన్నీ ఆయన ఊరికే తినలేదు. నూనె పాతదంటాడు, పాలు అడుగంటాయంటాడు, గిన్నె సబ్బు కంపంటాడు, చుట్టాలింటికి వెళ్ళి మీ గోడకి చెమ్మ పట్టింది అని చెప్పి వచ్చేస్తాడు. ముక్కున్న మొగుడితో వేగడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. అలాంటివాడు నాలుగు నెలలుగా దేనికీ వంక పెట్టడం లేదు. ఏది పెడితే అది తింటున్నాడు, బాగుందంటున్నాడు. "మా ఆయన మారిపోయారు వదినా, దేవుడిలా అయిపోయారు" అని ఫోన్లో వాళ్ళ వదినగారితో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాడు. వంట చేస్తూ కూనిరాగాలు తీస్తోంది కూడా, ఆవిడకి పాడటం వచ్చని ఇన్నేళ్ళూ ఆయనకి తెలియనే తెలియదు. ఇప్పుడు వెళ్ళి ఏమని చెబుతాడు, నేను మంచివాణ్ణి కాలేదే, ముక్కు పోయిందంతే అనా? ఇన్నేళ్ళకి ఒక సుఖం వచ్చింది మనిషికి, దాన్నీ లాగేసుకోవాలా? పోయిన నెల కూతురు బిడ్డనెత్తుకుని వచ్చింది, నలభై రోజుల పసిగుడ్డు, తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టి, "నాన్నా, తల వాసన చూడు, అందరూ అదే అంటున్నారు, నువ్వు చెప్పు ఏం వాసనో" అంది. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. వంగి ముక్కు ఆనించాడు. వెచ్చగా తగిలింది, మెత్తగా తగిలింది, నడినెత్తి కొట్టుకుంటోంది. "పాలూ, కొత్త బట్టా" అన్నాడు. ఈ కూతురి తల వాసనే అది, పాతికేళ్ళ కిందటిది. మనవడి వాసన ఏమిటో ఆయనకి తెలియదు, ఇక తెలియదు కూడా. కూతురు మురిసిపోయింది, ఆయన బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాడు.

"మాస్టారూ, మూడోది" అన్నాడు మేనేజరు, గడియారం చూసుకుంటూ.

మూడోది. ఈ మూడు గ్లాసుల వెనక ఆరువందల పెట్టెల సరుకు గోడౌన్లో ఆగి ఉంది. దాన్ని ఆపింది ఈ అమ్మాయే. నాలుగు నెలల్లో మాస్టారు కాగితాల మీద మాత్రమే బతకలేదు, ఈ అమ్మాయి మొహం మీద కూడా బతికాడు. ఆమె గ్లాసు వాసన చూసేటప్పుడు ఓరగా చూసేవాడు, కనుబొమ ముడిపడితే ఏదో ఉందన్నమాట, పడకపోతే మామూలన్నమాట, దాన్నిబట్టి సంతకం. ఈ సరుకు పరీక్షకి వచ్చిన రోజు ఆమె సెలవు. ట్యాంకు నిండింది, సీసాలవాళ్ళు తొందరపెట్టారు, ఆయన గ్లాసు పీల్చినట్టు పీల్చి, తేనె, ఆపిల్, గడ్డి, పొగ అని రాసి సంతకం పెట్టేశాడు. మర్నాడు అమ్మాయి వచ్చి సీసా మూత తీసిందో లేదో వెనక్కి తగ్గింది. ట్యాంకు గొట్టం కొత్తది వేశారట, కొత్త రబ్బరు కంపంతా సరుకులోకి దిగిందట. రబ్బరు వాసన అని కాగితం మీద రాసింది. ఆయనేం చేయాలి అప్పుడు? పొరపాటమ్మా అంటే సరిపోయేది. నాకేం రావడం లేదే అన్నాడు, నిజమే కదా రావడం లేదు. మాట మీద మాట పెరిగింది. అమ్మాయి రెండురోజులు ఆలోచించి మేనేజరుకి ఉత్తరం రాసింది, మాస్టారి ముక్కుని ఒకసారి పరీక్షించవలసిందిగా మనవి అని. మేనేజరు ఇద్దరినీ పిలిచి తేల్చేశాడు. మాస్టారు సరిగ్గా చెబితే ఆయన సంతకం ఖాయం, సరుకు బయటికి వెళుతుంది, అమ్మాయి తన మాట కొట్టేసుకుని లేబుళ్ళ సెక్షనుకి వెళ్ళాలి. తప్పు చెబితే సరుకంతా వెనక్కి, ఈ గది తాళంచెవి అమ్మాయికి.

ఈ అమ్మాయిని ఏరి తెచ్చుకుంది ఆయనే. ఇంటర్వ్యూకి వచ్చిన పదిమందిలో, మీ కోటుకి తడి కుక్క వాసన వస్తోంది సార్ అని భయపడుతూ చెప్పింది ఈమె ఒక్కతే. దారిలో వాననీళ్ళు దులుపుకున్న కుక్క ఒకటి రాసుకుంటూ పోయిన మాట నిజం. ఆ రోజు ఇంటికెళ్ళి ఆవిడతో, ఒక ముక్కు దొరికిందే అన్నాడు. రెండేళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఆయనకి తెలిసినంతా ఆమెకి తెలుసు, ఆమెకి తెలిసినది ఇప్పుడు ఆయనకి తెలియదు.

అందుకే పొద్దున బస్సులో ఒకటి నిర్ణయించుకున్నాడు. తప్పు చెప్పేస్తే సరి. నోరు విప్పి ఒప్పుకునే ధైర్యం ఎటూ లేదు, ఆయన సంగతి ఆయనకి తెలుసు, పిరికివాడు. తప్పు జవాబు ఒకటి చెబితే అదే ఒప్పుకోలు అవుతుంది. అమ్మాయి మాట నిలుస్తుంది, ఆయన ముక్కుకి వయసైపోయిందంటారు, గౌరవంగానే పక్కకి తప్పిస్తారు. హమ్మయ్య అనిపించింది బస్సులో, చాలా రోజుల తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు కూడా. ఇప్పుడు మూడో గ్లాసు చేత్తో పట్టుకున్నాక తెలిసింది తన తెలివి ఎంతటిదో. తప్పు చెప్పాలన్నా ఒప్పేదో తెలియాలి కదా! ఏది ఒప్పో తెలిస్తే ఈ ఏడుపంతా ఎందుకు? మొదటిది పీల్చాడు, మూడోది పీల్చాడు, మళ్ళీ మొదటిది. చుక్క రుచి చూశాడు, ఉమ్మాడు. తీపి, చేదు, మంట. తీపి, చేదు, మంట. కావాలని ఓడిపోవడానికి కూడా అర్హత ఉండాలని ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. మూడింట రెండు పాళ్ళు తప్పే అవుతుంది, ఆ రెండు పాళ్ళు చాలు, ఏదో ఒకటి చెప్పేయ్, దేవుడనేవాడుంటే తప్పిస్తాడు. అమ్మాయి మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూశాడు. పాపం ఆమెకీ తెలియదు ఏది ఏదో, గ్లాసులు నింపింది మేనేజరే. ఆమె ఆయన వైపే చూస్తోంది, గెలవాలన్న చూపు కాదు అది, మీకేమీ కాలేదని చెప్పండి సార్ అన్నట్టున్న చూపు. అది చూసి ఆయన కళ్ళు దించుకున్నాడు.

"మధ్యది" అన్నాడు.

మేనేజరు జేబులోంచి కవరు తీసి, చింపి, మడత విప్పి, తొడ మీద ఫట్టుమని ఒకటి చరుచుకున్నాడు. "అదీ! నేను చెప్పానా? మధ్యదే! పక్క కంపెనీ సరుకు పోశాను, మాస్టారా మజాకా! ఇరవయ్యారేళ్ళండీ, ఇరవయ్యారేళ్ళు!"

అమ్మాయి గోడ వైపు చూసింది. గోడ మీద అద్దం బిగించిన కాగితం ఉంది, మాస్టారే తన చేత్తో రాసి పెట్టించిన నియమాలు. "సార్" అంది మేనేజరుతో, మెల్లిగా, "రూలు ప్రకారం ఆరుసార్లు పెట్టాలి. మూడింట్లో ఒకటి ఊరికే చెప్పినా తగలొచ్చు కదా సార్."

"ఆరుసార్లు నీకూ నాకూ అమ్మా. మాస్టారికి ఆరుసార్లు పెడితే నలుగురూ నవ్వుతారు. ఏం మాస్టారూ?"

నిజమేనమ్మా, ఆరుసార్లు పెట్టండి అంటే చాలు. ఆ నియమం తనది, అడిగే హక్కు తనది, నోరు తనది. పెట్టండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ అన్నీ అడ్డం పడ్డాయి, వంటింట్లో కూనిరాగం, కూతురి నవ్వు మొహం, క్యాంటీన్లో కథ, ఏం చేస్తుంటారు అని అడిగితే గుమాస్తానని చెప్పిన ఆ గది. గొంతు సవరించుకున్నాడు. మేనేజరు దాన్ని ఔననుకుని లేచి నిలబడ్డాడు, ఫోను తీసి గోడౌన్‌కి చెప్పేశాడు, లారీలు పెట్టుకోమని. అమ్మాయి భుజం తట్టి, "నీ తప్పేం లేదులే, నేర్చుకునేవాళ్ళకి ఇలాగే ఉంటుంది. ఆ కాగితం సరిచేసి నాకు పంపించు" అని వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. అమ్మాయి అలమారు తెరిచి, ఆగిపోయిన సరుకులోంచి పక్కన పెట్టుకున్న సీసా తీసి, శుభ్రమైన గ్లాసులో రెండు గుక్కలు పోసింది. పోస్తుంటేనే మొహం పక్కకి తిప్పుకుంది. గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. కోపంగా పెట్టలేదు, రెండేళ్ళుగా రోజూ ఎలా పెడుతుందో అలాగే పెట్టింది.

"సార్, ఒక్క మాట. నాకు వస్తోంది. ఇక్కడికి, మూడడుగుల దూరానికి వస్తోంది. మీకు నిజంగా రావడం లేదా?"

గ్లాసు ఎత్తాడు. ఈ నాలుగు నెలల్లో ఎన్ని గ్లాసులు పీల్చాడో అన్నీ నటనే, ఈ ఒక్కదాన్నే నిజంగా పీల్చాడు, ప్రాణమంతా ముక్కులోకి తెచ్చుకుని పీల్చాడు. ఒక్క పోగు రబ్బరు వాసన తగిలితే చాలు, ఇంకే జన్మలోనూ ఏమీ అడగను అనుకుంటూ పీల్చాడు. మంట తగిలింది.

"రావడం లేదమ్మా" అన్నాడు.

నాలుగు నెలల్లో ఈ గదిలో ఆయన నోట వచ్చిన అచ్చమైన నిజం అదే. ఆ గొంతులో నిజం ఆమెకి వినిపించింది. తర్వాత గ్లాసు తీసుకుని తన ముక్కు దగ్గర పెట్టుకుంది, దించింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ దించింది. ఆ మొహంలో సొంత ముక్కు మీది నమ్మకం కొంచెం కొంచెంగా ఆరిపోవడం ఆయన కళ్ళారా చూశాడు.

"అయితే లేనట్టే సార్" అంది.

పలక బల్ల మీద పెట్టి, స్కేలు పెట్టి మరీ, రబ్బరు వాసన అని తను రాసిన మాట మీద ఒక గీత కొట్టింది. పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేసింది. మాస్టారు ఆ కాగితం వైపు చూస్తూ కుర్చీలోనే కూర్చున్నాడు.